స్విచ్ వేసిన చెయ్యి

సద్దుల బతుకమ్మ దగ్గరకొచ్చిందంటే చెరువు కట్ట మీద పనిచేసేవాళ్ళకు ఊపిరి సలపదు. మెట్లు కడగాలి, కమ్ములకు రంగు వేయాలి, ఒడ్డున పేరుకున్న గుర్రపుడెక్క లాగి పారేయాలి. ఈ ఏడు వాటికి తోడు పెద్దబోటుకు దీపాల ముచ్చట ఒకటి వచ్చి పడింది. సిద్దిపేటలో ఆ చెరువు బోట్లను కాంట్రాక్టుకు తీసుకుని నడిపే భానుప్రకాశ్‌కు ఈ ఆలోచన ఎవరు నూరిపోశారో గాని, బోటు చుట్టూ రంగుదీపాలు, ముందర ఫోకస్ లైట్లు పెట్టించి, వాడవాడల బతుకమ్మలను అందులో తీసుకుపోయి నడిచెరువులో వదిలించాలని పట్టుబట్టాడు. దానికోసం హుస్నాబాద్ రోడ్డులో ట్రాక్టర్లకు కరెంటు పని చేసే శైలేందర్‌ను పిలిపించాడు.

శైలేందర్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని జెట్టీ మీదికి వచ్చేసరికి కాశయ్య లైఫ్ జాకెట్లు ఉతికి తాడు మీద ఆరవేస్తున్నాడు. ఒక్కొక్క జాకెట్టునూ రెండు చేతులా పట్టి దులిపి, మెడ వైపు కిందికి వచ్చేలా తిప్పి వేస్తున్నాడు. చూసేవాళ్ళు ఈయనకు పుట్టినప్పటి నుంచీ ఇదే పని కాబోలు అనుకుంటారు. కాని నిరుటి వానాకాలం దాకా పెద్దబోటు స్టీరింగు ఆయన చేతిలోనే ఉండేది. ఆ బోటు ఈ చెరువులో దిగిన రోజున దాన్ని ఒడ్డుకు తెచ్చి కట్టింది కూడా ఆయనే.

"కాశయ్యా, మెకానిక్‌కు జర టార్చిలైటు పట్టు" అన్నాడు భానుప్రకాశ్, ఫోనులోంచి తల ఎత్తకుండానే. ఆ బోటు అడుగు ఎవరికన్నా తెలుసంటే కాశయ్యకే తెలుసునని ఆయనకూ తెలుసు. ఆ మాట మాత్రం నోటితో అనడు.

కాశయ్య చేతులు తుడుచుకుని బోటులోకి దిగాడు. ఏడాదిగా ఆయన అందులో కాలు పెట్టింది ఊడవటానికే. స్టీరింగు దగ్గరి సీటును దాటుకుని పోవటం ఆయనకు అలవాటైంది. అలవాటైందంటే బాధ పోయిందని కాదు.

సంగతేమిటంటే, నిరుడు ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారి చూస్తే పెద్దబోటు జెట్టీ దగ్గర నీళ్ళలో కూర్చుండిపోయి ఉంది. సీట్ల వీపులు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. బోటు అడుగున ఒక పంపు ఉంటుంది. సాయంత్రం బోటు కట్టేసి పోయేటప్పుడు దాని స్విచ్‌ను ఆటోలో పెడితే చాలు, అడుగున నీళ్ళు చేరగానే ఒక బుడ్డ తేలి, పంపు దానంతటదే నడిచి నీళ్ళు తోడేస్తుంది. బొటనవేలితో ఒక్క నొక్కు. ఆ నొక్కు నొక్కి పోవాల్సిన మనిషి కాశయ్య. ట్రాక్టరు పెట్టి బోటును బయటికి లాగి, ఆరబెట్టి, కొత్త బ్యాటరీ తగిలిస్తే పంపు గిర్రున తిరిగింది. పంపు బాగానే ఉంది కాబట్టి స్విచ్ వేయలేదన్నమాట అని భానుప్రకాశ్ కట్ట మీద పదిమందిలో అన్నాడు. ఆ రోజే స్టీరింగు కాశయ్య చేతిలోంచి పోయి భానుప్రకాశ్ బామ్మర్ది నరేశ్ చేతిలో పడింది.

కాశయ్య ఎదురుచెప్పలేదు. చెప్పటానికి ఆయన దగ్గర ఏమీ లేదు. స్విచ్ వేసినట్టు ఆయన వేలికి గుర్తుంది. కాని ఆ వేలు అన్నేళ్ళుగా ప్రతి సాయంత్రమూ ఆ పని చేసిందే. గుర్తున్నది ఆ సాయంత్రమో, అంతకు ముందుదో ఎవరు చెప్పాలి? పైగా బోటు కట్టేసినాక కల్లు కాంపౌండుకు పోయి తాగిన మాట నిజం. ఆ పూట మొత్తం తలలో నీళ్ళు కలిపినట్టు పలుచబడిపోయింది. అప్పటినుంచీ ఆయన కల్లు ముట్టలేదు. ఇంట్లో పొయ్యి కట్టేశాడో లేదో, తలుపుకు గొళ్ళెం పెట్టాడో లేదో అని సగం దూరం పోయి తిరిగి వచ్చి చూసుకుంటాడు. మంది నమ్మకపోతే మనిషి ఎట్లాగో బతుకుతాడు గాని, తన చేతిని తానే నమ్మలేకపోవటం చాలా చెడ్డ బతుకు. కాశయ్య ఏడాదిగా ఆ బతుకే బతుకుతున్నాడు.

శైలేందర్ పని మొదలుపెట్టిన తీరు కాశయ్యకు నచ్చింది. రాగానే తీగలు పీకలేదు. ముందు మోటారు ఆపించి, వెనక సీటు కింద బ్యాటరీ మూత తీసి, నల్ల తీగ ముందు విప్పాడు, తరువాత ఎర్రది. విప్పిన కొసలకు గుడ్డ చుట్టి పక్కకు వంచాడు. ఎన్ని దీపాలో, అన్నీ ఒక్కసారి వెలిగితే ఎంత కరెంటు గుంజుతాయో, బోటు ముక్కు దాకా పోయి రావటానికి ఎంత తీగ కావాలో లెక్క చూసుకుని, దానికి సరిపోయే లావు తీగ తెస్తానన్నాడు. ఉన్న లైనుకు కొత్త దీపాలు తగిలించే ప్రసక్తే లేదట. బ్యాటరీ నుంచి వేరే లైను, బ్యాటరీ పక్కనే దాని సొంత ఫ్యూజు, దాని సొంత స్విచ్.

"ట్రాక్టరు పని వేరు, బోటు పని వేరు కాకా" అన్నాడు. "ట్రాక్టరుకైతే ఒక్కటే వైరు గుంజుతం. రెండోది ఇనుప బాడీకి బిగిస్తే అయిపాయె. బోటుకు గట్ల చెయ్యొద్దు. పోయే వైరు, వచ్చే వైరు రెండూ గుంజాలె. గీ సంగతి నాకు గూడ మొన్న ఎండకాలమే తెలిసింది."

కాకినాడ నుంచి కొత్త బోటు బిగించటానికి వచ్చిన ఒక ఫిట్టరు దగ్గర నాలుగు రోజులు పనిచేస్తే అతను తిట్టి మరీ నేర్పాడట. అది చెప్పుకుంటూ నవ్వుతూనే శైలేందర్ స్టీరింగు కింద ఉన్న ఫ్యూజుల పెట్టె మూత విప్పాడు. టార్చిలైటు లోపలికి పట్టాడు కాశయ్య.

శైలేందర్ నవ్వు ఆగిపోయింది.

కాశయ్యకు కనిపించింది ఇంతే. పంపు లైను మీది ఫ్యూజు కాలిపోయి ఉంది, దాని రెండు కాళ్ళకూ కలిపి సన్నని రాగి పోగులు చుట్టి ఉన్నాయి. అదే లైను నుంచి ఇంకొక ఎర్ర తీగ చీలి, రేకుకు పొడిచిన బెజ్జంలోంచి అవతలికి పోయి, కొస తెగి వేలాడుతోంది. దాని జంట నల్ల తీగను బోటు రేకుకే మేకు బిగించి వదిలారు. ఆ మేకు చుట్టూ రేకు తెల్లగా సున్నంలా పొడిబారి ఉంది. శైలేందర్ గోటితో గీకితే రాలింది. తీగ బెజ్జం దాటే చోట వేలు పెట్టి తడిమాడు. అక్కడ తీగ మీది తొడుగు అరిగి, నల్లగా మాడి ఉంది.

వేలికి అంటిన మసి తుడుచుకుని, కాకా, జర చాయ్ తెస్తవా అని అడిగాడు. కాశయ్య కట్ట మీది బండి దగ్గరకు పోయి చాయ్ తెచ్చేసరికి పెట్టె మూత బిగించి ఉంది. శైలేందర్ చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు. తాగకుండానే కింద పెట్టి, సామాను తెచ్చుకుని రేపొస్తానని పోయాడు. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి కాశయ్యను చూశాడు.

కాశయ్య ఇంటికి పోయేసరికి భార్య స్వరాజ్యం వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు కత్తిరించినది ఒక పక్క, తంబాకు ఒక పక్క. ఆకులో తంబాకు పోసి, రెండు చేతుల వేళ్ళతో దొర్లించి, కొస మడిచి, దారం చుట్టి పడేస్తుంది. ఆమె చెయ్యి ఆగటం కాశయ్య ఎప్పుడో గాని చూడలేదు. పక్కింటి బాలమణి గడపలో కూచుని ఈసారి బోటులో పోదాం రా అక్కా, దీపాలు పెడుతున్నారట అని బతిమాలుతోంది. స్వరాజ్యం నవ్వి ఇంకో ఆకు అందుకుంది.

స్వరాజ్యం కట్ట మీదికి రావటం మానేసి ఏడాదైంది. నిరుడు సద్దులకు తన బతుకమ్మను కాలనీ వెనక కుంటలో వదిలి వచ్చింది. ఎందుకని అడిగితే అక్కడ మంది ఎక్కువ, తొక్కిసలాట అంది. కాశయ్య గుచ్చి అడగలేదు. అడగకపోవటానికి కారణం ఉంది.

బోటు మునిగిన పొద్దున భానుప్రకాశ్ కట్ట మీద ఆ మాట అన్నప్పుడు స్వరాజ్యం అక్కడే ఉంది. ముందురోజు సాయంత్రం కోహెడలోని తల్లిగారింటి నుంచి వచ్చి బస్సు దిగి, వాన పడేలా ఉందని మొగుడికి ప్లాస్టిక్ కవరు ఇవ్వటానికి జెట్టీ దాకా వచ్చిన మనిషి ఆమె. అందుకని ముందుకు వచ్చి, "నేను జూసిన సారూ, మా ఆయన స్విచ్ ఏసిండు" అంది. భానుప్రకాశ్ నవ్వాడు. పెండ్లాం గట్లనక ఇంకెట్లంటది అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఇంటికి వచ్చాక కాశయ్య తలుపు వేసి, నా కోసం అబద్ధాలు ఆడకు, ఉన్న ఇజ్జత్ కూడా పోతది అని ఆమెను కోప్పడ్డాడు. స్వరాజ్యం ఆయన ముఖంలోకి చూసింది. చాట తీసుకుంది. తరువాత ఆ సంగతి ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. ఆమె తన మీది ప్రేమతో అబద్ధమాడిందని కాశయ్య అనుకున్నాడు. దాన్ని క్షమించానని కూడా అనుకున్నాడు.

ఆ పూట అన్నం తింటూ బోటుకు దీపాలు పెడుతున్నారని చెప్పాడు. మెకానిక్ చాయ్ తాగకుండా పోయాడని, ఫ్యూజుకు రాగి పోగులు చుట్టి ఉన్నాయని, ఎందుకో మనసు మంచిగా లేదని చెప్పాడు. స్వరాజ్యం విని, కూర ఇంకొంచెం వేసింది.

మరునాడు శైలేందర్ పొద్దున్నే వచ్చాడు. కళ్ళు చూస్తే నిద్రపోయినట్టు లేదు. చెప్పింది చెప్పినట్టు కొత్త లైను లాగాడు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. రేకుకు బెజ్జం పొడిచిన ప్రతిచోటా అంచు ఆకురాయితో రుద్ది, రబ్బరు కమ్మ తొడిగి, ఆ తరువాతే తీగ దూర్చాడు. తీగలను అడుగున పడేయకుండా నీళ్ళు అందని ఎత్తున, పక్క రేకు వెంబడి క్లిప్పులతో కట్టాడు. కొసలను మెలితిప్పి టేపు చుట్టలేదు. తీగ కొసలకు తొడిగే ఇత్తడి లగ్గులు నొక్కి, లాగి చూసి, పైన గొట్టం తొడిగి వేడి చేస్తే అది బిగుసుకుపోయింది. కాశయ్య టార్చి పట్టుకుని, క్లిప్పులు అందిస్తూ ఉన్నాడు. ఇద్దరి మధ్యా పని మాటలు తప్ప వేరే మాట లేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక శైలేందర్ పనిముట్లు కింద పెట్టాడు.

"కూసో కాకా. నీకొకటి చూపియ్యాలె."

పంపు లైనుకు చుట్టిన రాగి పోగులు విప్పి పారేసి, కొత్త ఫ్యూజు పెట్టాడు. బ్యాటరీ కలిపాడు. స్విచ్ ఆటోలోకి నొక్కితే దాని పక్కన చిన్న బల్బు, ఎర్ర బుగ్గ, వెలిగింది. అడుగున ఉన్న బుడ్డను వేలితో పైకి ఎత్తాడు. పంపు గర్రుమంది. వదిలాడు. తరువాత అరిగిపోయిన ఆ పాత ఎర్ర తీగను పట్టుకుని, మాడిన చోటును బెజ్జం అంచుకు ఆనించాడు.

టప్పుమని చిన్న మెరుపు. ఎర్ర బుగ్గ ఆరిపోయింది. స్విచ్ ఆటోలోనే ఉంది. శైలేందర్ బుడ్డను ఎత్తాడు. పంపు పలకలేదు. ఇంకా పైకి ఎత్తాడు. పలకలేదు.

కాశయ్య వంగి తానే బుడ్డను ఎత్తి చూశాడు.

"గీ వైరు గుంజింది నేనే కాకా" అన్నాడు శైలేందర్. "నిరుడు వానలకు ముందు పాటల డబ్బాకని సారు పిలిస్తె, నువ్వు లేనినాడు వచ్చిన. దగ్గర్ల ఉన్నదని పంపు లైనుకే తగిలించిన. ట్రాక్టరు లెక్కనే బాడీకి ఎర్తు ఇచ్చిన. బాడీకి ఎర్తు ఇయ్యకపోతె, వైరు అరిగి రేకుకు తాకినా ఏం గాకపోవు. గాలికి బోటు ఊగింది, వైరు రాసుకున్నది, ఫ్యూజు పోయింది. గంతే. నీళ్ళు నిండుతాంటె పంపు సచ్చి ఉన్నది."

కాశయ్య చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. పట్టపగలు అది ఎందుకు వెలుగుతోందో కూడా ఆయనకు తెలియలేదు. ముందు ఒళ్ళంతా మంట పుట్టింది. ఎదురుగా ఉన్నవాణ్ణి చెంప మీద కొట్టాలనిపించింది. ఏడాదిపాటు కట్ట మీద తల దించుకుని నడిచిన నడక అంతా కళ్ళముందు తిరిగింది. కాని ఆయన నోట వచ్చింది వేరే మాట.

"అయితే నేను స్విచ్ ఏసిన్నా, ఎయ్యలేదా?"

శైలేందర్ తడబడ్డాడు. "గది నాకెట్ల తెలుస్తది కాకా? ఏసినా ఎయ్యకున్నా బోటు మునుగుడు మునుగుడే. నీ తప్పు లేదు."

తప్పు లేదన్న మాట కోసం కాశయ్య ఏడాది ఎదురుచూశాడు. తీరా అది చేతికి వచ్చాక సగమే వచ్చినట్టుంది. తన వేలు ఆ సాయంత్రం తన పని చేసిందా లేదా అనేది ఎక్కడిదక్కడే ఉంది. టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

సారుకు నేనే చెప్తానన్నాడు శైలేందర్. తక్కిన బోట్ల పని కూడా తనకే ఇస్తానని భానుప్రకాశ్ మాట ఇచ్చి ఉన్నాడు. చెబితే అది పోవచ్చు. అయినా చెప్తానన్నాడు. కాశయ్య చెప్పమనలేదు, వద్దనలేదు.

చెప్పటానికి ఆ మరుసటి రోజు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు పొద్దున శైలేందర్ పంపుకు దాని లైనును దానికే మిగిల్చి, పాతవన్నీ కోసి తీసేసి, మేకు ఊడబెరికి ఆ బెజ్జం పూడ్చాడు. దీపాలన్నీ వెలిగించి గంటసేపు ఉంచి, తీగ పొడుగునా చెయ్యి పెట్టి ఎక్కడన్నా వేడెక్కిందేమో చూశాడు. కాశయ్య చేత కూడా పట్టించి చూపించాడు. తీగ చల్లగా ఉంది. అప్పుడు భానుప్రకాశ్ జెట్టీ మీదికి వచ్చాడు. దీపాలు చూసి ముఖం విప్పారింది. ఆ సంతోషం మీదనే శైలేందర్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

భానుప్రకాశ్ విన్నాడు. కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు.

"ఫ్యూజు కాలింది నాకెర్కనే. రాగి పోగులు చుట్టిచ్చింది నేనే. నీళ్ళళ్ల మునిగినంక కాలింది కావచ్చనుకున్న. ముందు కాలిందా వెనక కాలిందా అని ఎవడు జూస్తడు?"

తరువాత కాశయ్య వైపు తిరిగి, మంచిదే కదా, ఎట్లాగూ నరేశ్‌కు అంతమంది ఆడవాళ్ళతో బోటు నడపటం చేతకాదు, సద్దులనాడు స్టీరింగు నువ్వే పట్టు అన్నాడు. ఆ తరువాత కూడా నువ్వే చూసుకో అన్నాడు. పోయిన గొడుగు తిరిగి దొరికితే ఇచ్చినట్టు ఇచ్చేశాడు. శైలేందర్ బిగబట్టిన ఊపిరి వదిలాడు. అంత సులువుగా అయిపోతుందని అతను అనుకోలేదు.

కాశయ్య కదల్లేదు.

"సారూ, ఒక్క మాట. నాడు నువ్వు స్విచ్ జూసినవా? కిందికి ఉండెనా, మీదికి ఉండెనా?"

"బురదల ఎవడు జూసిండు కాశయ్యా" అన్నాడు భానుప్రకాశ్, నవ్వుతూ. "కాంట్రాక్టు ఇచ్చిన పైనోళ్ళు అడుగుతుండిరి. ఎవలో ఒకల పేరు చెప్పాలె గదా. ఇప్పుడెందుకు గదంత, నీ స్టీరింగు నీకొచ్చె."

చూడలేదు. కట్ట మీద ఆ రోజు మాట్లాడినవాళ్ళు, తల ఊపినవాళ్ళు, నవ్వినవాళ్ళు ఒక్కరూ స్విచ్ చూడలేదు. కాశయ్య జెట్టీ మీంచి కట్ట ఎక్కి, కట్ట వెంబడి ఇంటి దారి పట్టాడు. సగం దూరం పోయాక ఆయన కాళ్ళు నెమ్మదించాయి. చూసినానన్న మనిషి ఒక్కతే ఒక్కతి ఉంది. ఆ ఒక్కదాన్నీ తాను తలుపు వేసి నోరు మూయించాడు. ఈ సంగతి తట్టేసరికి దారి నడుమనే నిలబడిపోయాడు. ఎదురుగా వచ్చిన ఆటోవాడు హారను కొడితే పక్కకు జరగాలని కూడా తోచలేదు.

స్వరాజ్యం వాకిట్లోనే ఉంది. బీడీలు ఒక పక్కకు నెట్టి, గునుగుపూల కొసలు సమంగా కోసి, రంగు నీళ్ళలో ముంచి ఆరబెడుతోంది. వేళ్ళు సగం ఎర్రగా, సగం ఆకుపచ్చగా ఉన్నాయి. కాశయ్య చెప్పులు విడిచి ఆమె ఎదుట నేల మీద కూచున్నాడు. స్టీరింగు తిరిగి ఇచ్చారని చెప్పాడు. మంచిదన్నది. ఫ్యూజు సంగతి, తీగ సంగతి చెప్పాడు. వింటూ పూలు ముంచుతూనే ఉంది.

"స్వరాజ్యం, నాడు నువ్వు నిజంగ జూసినవా?"

ఆమె చెయ్యి ఆగింది. రంగు నీళ్ళ చుక్క ఒకటి వేలి కొస నుంచి కింద పడింది.

"జూసిన" అంది. "నేను కవరు ఇచ్చుకుంట నిలబడ్డ. నువ్వు ఎడమచేత్తోని కవరు అందుకున్నవు. కుడిచేత్తోని స్టీరింగు కింద నొక్కినవు. ఎర్ర బుగ్గ ఎలిగింది. నీ బొటనేలు గోరు ఎర్రగ కనబడ్డది. దెబ్బ తాకి రక్తం వస్తుందేమో అనుకున్న. నువ్వు చెయ్యి తీసినంక తెలిసింది బుగ్గ అని."

ఎర్ర బుగ్గ మాట తాను ఎత్తలేదు, ఆమెకు ఇంకెవరూ చెప్పలేదు. అది ఎక్కడ ఉంటుందో, ఎప్పుడు వెలుగుతుందో తెలుసుకోవటానికి ఆమె ఏడాదిగా బోటు ముఖమే చూడలేదు. కాశయ్య తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. ఉన్నట్టుండి ఆ సాయంత్రం మొత్తం తిరిగి వచ్చింది. చేతికి తగిలిన ప్లాస్టిక్ కవరు చల్లదనం, ఆమె చీర కుచ్చిళ్ళ మీద కోహెడ బస్సు దుమ్ము, మబ్బు కమ్మిన ఆ మసక వెలుగులో మెరిసిన గోరు. అంతా అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది.

"గిదంత నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పనిచ్చినవు? అబద్ధాలాడకు అంటివి." స్వరాజ్యం గొంతు పెంచలేదు. గునుగుపూల కట్టను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "సారు నవ్విండని నాకు రంది లేకుండె. మంది నవ్విన్రు, నవ్వనీ. ఇంటికొస్తె నువ్వు గూడ గదే మాటంటివి. సారు నిన్ను నమ్మలేదని నువ్వు ఏడాది ఏడ్చినవు. నన్నెవరు నమ్మిన్రు?"

కాశయ్య తప్పయిందనటానికి నోరు తెరిచాడు గాని, ఆ మాట ఆ వాకిట్లో మరీ చిన్నదిగా తోచింది. ఆమె ముంచిన పూలను ఒక్కొక్కటే అందుకుని గోనెపట్టా మీద పరిచాడు. అవి అయిపోయాక, సద్దులనాడు బోటు కాడికి రా, నీ బతుకమ్మ నేను తీసుకపోత అన్నాడు.

"నేను కుంటకే పోత" అంది స్వరాజ్యం. "నీ బోటు నువ్వు మంచిగ నడుపు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే కాశయ్యకు కొంచెం నయంగా ఉండేది.

సద్దులనాడు పొద్దు వాలేసరికి కట్ట మీద ఇసుక వేస్తే రాలనంత జనం. తంగేడు పసుపు, గునుగు రంగులు, పట్టుచీరల గరగరలు. పాటలు మెట్ల మీంచి నీళ్ళలోకి దిగుతున్నట్టుగా ఉన్నాయి. పెద్దబోటు దీపాలు వెలిగించగానే పిల్లలు కేరింతలు కొట్టారు. కాశయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని స్టీరింగు దగ్గర నిలబడ్డాడు. ఏడాది తరువాత చేతికి తగిలిన ఆ గుండ్రని చట్రం వెచ్చగా ఉంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే జాకెట్లు తొడుక్కుని, బతుకమ్మలను రెండు చేతులా పట్టుకుని బోటులోకి దిగుతున్నారు. వాళ్ళలో బాలమణి కూడా ఉంది.

భానుప్రకాశ్ జెట్టీ మీద మైకు పట్టుకుని ఉషారుగా ఉన్నాడు. అందరూ ఎక్కాక, నవ్వుతూ మైకులోనే అడిగాడు.

"కాశయ్యా, ఈసారన్న పంపు స్విచ్ యాది మరువకుండ ఏసినవా?"

కట్ట మీద నవ్వులు లేచాయి. నిరుటివాళ్ళే చాలామంది, నిరుటి నవ్వే. ఆయన ఏ దురుద్దేశంతోనూ అనలేదు. స్టీరింగు ఇచ్చేశాం కాబట్టి ఇక అది ఆడుకోదగ్గ మాట అయిపోయిందని అనుకున్నాడు.

కాశయ్య స్టీరింగు వదిలి జెట్టీ వైపు తిరిగాడు. ఆయన ఎన్నడూ పదిమందిలో గొంతెత్తిన మనిషి కాదు.

"ఏసిన సారూ. నిరుడు గూడ ఏసిన. మా స్వరాజ్యం కండ్లార జూసింది. గీడనే, మీ అందరి ముందట చెప్పింది. మీరు నవ్విన్రు, నేను గూడ నమ్మలేదు. ఆమె చెప్పింది నిజం."

నవ్వులు దగ్గరి మెట్ల నుంచి మొదలై ఒక్కొక్క వరుసే ఆగిపోయాయి. పైమెట్ల మీద వాళ్ళకు వినపడక ఏమన్నాడు, ఏమన్నాడు అని ముందువాళ్ళను అడుగుతున్నారు. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చెబుతున్నారు. భానుప్రకాశ్ మైకును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, సరే సరే, పొద్దుపోతాంది పోనీ అన్నాడు. బోటులో బాలమణి తన బతుకమ్మను ఒళ్ళో సర్దుకుని కాశయ్యను తేరిపార చూసింది. తరువాత కళ్ళు తుడుచుకుంది.

వినాల్సిన మనిషి మాత్రం అక్కడ లేదు. కాలనీ వెనక కుంట గట్టున, తన వాడ ఆడవాళ్ళు కొందరితో, ఈపాటికి బతుకమ్మను నీళ్ళలోకి దించుతూ ఉంటుంది. కాశయ్య మోటారు తిప్పాడు. తాడు విప్పమని చెప్పి, బోటును జెట్టీ నుంచి నెమ్మదిగా తప్పించి, ముక్కు నడిచెరువు వైపు పెట్టాడు.